మూడో బిడ్డకు కషాయం

ఆ రోజుల్లో మొగుడు ఎక్కడికి పోతున్నాడో పెళ్ళాం అడిగేది కాదు. ఆయనే చెబితే వినేది, చెప్పకపోతే చెప్పుల చప్పుడును బట్టి ఎంత దూరం పోతున్నాడో అంచనా వేసుకునేది. నేను అంచనాలు వేయడంలో గట్టిదాన్ని. చదువు లేదు కదా, ఉన్న తెలివంతా అంచనాలకే ఖర్చయ్యేది. పలమనేరు పక్క కొండ ఊళ్ళో పుట్టి, ఘాటు రోడ్డు దిగి, వేలూరు తొరపాడికి కాపురానికి వచ్చినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఒక్క భాషతో వచ్చాను. ఇక్కడి జనం తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగిస్తారు, మధ్యలో ఎక్కడ గట్టు దాటారో మనకు తెలియదు. ఏడాది తిరిగేసరికి కూరగాయల బేరానికి, బస్సు ఎక్కడానికి, కొళాయి దగ్గర గొడవకు సరిపడా అరవం పట్టుబడింది. అంతకు మించి అవసరం పడలేదు. పడి ఉంటే ఇప్పుడు మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. (నేను చెబుతుంటే రాస్తున్నది మా తోడికోడలు, నా మరిది పెళ్ళాం. చిత్తూరులో చదువుకున్న మనిషి. నేను ‘ఉండాది’ అంటే ‘ఉంది’ అని దిద్ది రాస్తోంది. దిద్దుకోనీ. మా అత్త మాటలు, ఆయన మాటలు మాత్రం దిద్దవద్దని చెప్పాను. చచ్చినవాళ్ళ నోట్లో మనం కొత్త మాటలు పెట్టకూడదు.)

ఆయన వేలూరు పాత బస్టాండు దగ్గర ఒక షెడ్డులో కార్ల మెకానిక్కు. మాట తక్కువ మనిషి. అన్నంలో ఉప్పు లేకపోయినా తిని లేచేవాడు. ఉప్పు లేదని నేను తిన్నప్పుడే నాకు తెలిసేది. ఆరు రోజులు షెడ్డు పని. ఏడో రోజు, ఆదివారం, తెల్లవారకముందే లేచి, తల మీద నీళ్ళు పోసుకుని, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని గుడియాత్తం బస్సెక్కేవాడు. మెకానిక్కు పనికి పోయేటప్పుడు తెల్ల చొక్కా వేసుకోవడం మీరెక్కడైనా చూశారా? నేనూ చూడలేదు. అడగకుండానే చెప్పాడు, పెళ్ళయిన మొదటి ఆదివారమే, గుమ్మంలో నిలబడి.

‘ఆమె కాడికి పోయొస్తా’ అన్నాడు.

దాపరికం లేదు. గొంతులో తడబాటు లేదు. సంతకు పోయొస్తా అన్నట్టు అన్నాడు. నేను తల ఊపాను. ఆ తల అట్లా ఎందుకు ఊపానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. కొత్త కోడలికి తల ఊపడం ఒక్కటే నేర్పి పంపుతారు కదా, అందుకని ఊపి ఉంటాను.

తర్వాత వారాల్లో ఒక్కో ముక్క బయటపడింది. అంత మాట తక్కువ మనిషికి ఆమె సంగతి వస్తే మాత్రం నోరు వచ్చేది. గుడియాత్తం అవతల టెంకాయతోట పెద్దాయన అని ఒకరున్నారట, తాతల కాలం నుంచి భూమి ఉన్న మన తెలుగువాళ్ళే. ఆమెను ఆ తోటలోనే షెడ్డు వేసి పెట్టారట, వానకు తడవకుండా. ‘షెడ్డులోనా’ అన్నాను నేను, నాకే తెలియకుండా జాలి వచ్చి. ‘మంచి షెడ్డే, రేకులు కప్పి ఉండారు’ అన్నాడు ఆయన. ఎందుకంత పొద్దున్నే పోవడం అని మా అత్త అడిగితే, ఆమె చల్లగా ఉన్నప్పుడే చెయ్యి పెట్టాలి, ఒకసారి వేడెక్కిందంటే సాయంత్రం దాకా దగ్గరికి రానీదు అన్నాడు. నేను పక్కన రోట్లో పచ్చడి నూరుతున్నాను. ఆ రోజు పచ్చడి ఎంత మెత్తగా వచ్చిందంటే, దాన్ని తాగాల్సి వచ్చింది. ఇంకోసారి, ‘నిన్న ఆమె గొంతు మారింది’ అని దిగులుగా కూర్చున్నాడు. నాకు వారం రోజులు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయినప్పుడు ఈ మనిషికి తెలియనేలేదు.

అయితే నన్ను నిజంగా కూలదోసిన మాట వేరే ఉంది. ఒక రాత్రి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని, మా మరిదితో చెబుతున్నాడు. ఆమెకు ఉండేది నాలుగు, మూడింటితో ఏ తంటా లేదు, ఆ మూడోదానికే ఎప్పుడూ ఒళ్ళు కాలిపోతూ ఉంటుంది, గాలి సరిగా ఆడదు, దాన్ని పట్టించుకోకపోతే ఒక రోజు ప్రాణం మీదికి తెస్తుంది అని. మా మరిది అప్పటికి మీసాలు వచ్చిన మగవాడే, తోలు షాపులో పనికి పోయేవాడు. అతను కూడా మొహం సీరియస్‌గా పెట్టుకుని, పోయినసారి పట్టిన మందు పనిచెయ్యలేదా అని అడిగాడు. ఇల్లంతటికీ తెలుసు. నలుగురు పిల్లలు. నాకు పెళ్ళయి ఏడాది తిరగబోతోంది, నెల నెలా మా అత్త గోడ మీది క్యాలెండరు వైపు, నా మొహం వైపు చూస్తోంది. అక్కడ నలుగురు.

ఇక అడగకుండా ఉండలేకపోయాను. మరుసటి రోజు మా అత్త చేటలో రాగులు చెరుగుతుంటే, ఎదురుగా కూర్చుని, ఏమీ ఎరగనట్టు మొదలుపెట్టాను.

‘అత్తా, ఆమె సంగతి మీకు ముందే తెలుసునా?’

‘తెలియకేమి పిల్లా. పెండ్లికి ముందు నుంచే గదా. మీసాలు మొలిచినప్పుడు పట్టుకున్నాడు, ఇంకా ఇడిసిపెట్టలా.’

‘మీరేమీ అనలేదా?’

‘అనకేమి. ఆ ముసిల్దాన్ని పట్టుకొని ఏమిట్రా యాలాడతావు, ఊరంతా కొత్తవి తిరగతా ఉంటే అని అంటి. ఇనె గదా! ఆమె మాదిరి ఇంకోటి ఈ జిల్లాలో లేదు అనె.’ చేట ఒకసారి ఎగరేసి, పొట్టు ఊది, నన్ను ఓదార్చింది. ‘నువ్వేమీ మనసులో పెట్టుకోబాక. ఆదివారం ఒక్క దినం గదా. తక్కిన ఆరు దినాలూ నీకే గదా వాడు.’

ముసలిది. అది కూడా విన్నాను. పడుచుదైతే ఒక ఏడుపు, ముసలిదైతే ఇంకో ఏడుపు. ఆ వయసులో నాకు ఉన్నది ఒక్క వయసే కదా, అది కూడా పనికిరాలేదు.

తర్వాతి ఆదివారం ఆయన తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళాక నా గుడ్డసంచి దించాను. నిర్ణయం తేలికగానే జరిగింది. పలమనేరు పోయే దారి గుడియాత్తం మీదుగానే. గుడియాత్తంలో దిగి, ఆ తోటకు పోయి, ఒక్కసారి ఆమెను కళ్ళారా చూసి, అక్కడి నుంచే మా అమ్మ దగ్గరికి బస్సెక్కేస్తాను. మళ్ళీ ఘాటు దిగను. పెళ్ళి చీర, నాలుగు మామూలు చీరలు, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి కుంకుమబరిణె సంచిలో పెట్టాను. గట్టిగా ముడి వేశాను. వేశాక పొయ్యి దగ్గరికి పోయి ఏం చేశానో చెబితే మీరు నవ్వుతారు. కషాయం కాచాను. నేలవేము, మిరియాలు, శొంఠి వేసి, మూడు గ్లాసుల నీళ్ళు ఒక గ్లాసు అయ్యేదాకా. మా ఊళ్ళో ఏ బిడ్డకు ఒళ్ళు కాలినా మా అమ్మ పోసేది అదే. ఆ మూడో బిడ్డ ఏం పాపం చేసింది? తల్లి మీద నాకున్న కోపం తల్లి మీదనే. గాజు సీసాలో పోసి, మూతకు గుడ్డ చుట్టి, చంకన పెట్టుకున్నాను. గుడిలో ముడుపు చెల్లించడానికి పోతున్నానని మా అత్తతో అబద్ధం చెప్పాను. ఆమె క్యాలెండరు వైపు చూసి, సంతోషంగా పంపింది.

బస్సులో కాట్పాడి దాటేదాకా ఏడ్చాను, ఆ తర్వాత ఏడుపు అయిపోయింది. సీసా వేడిగా పక్కటెముకలకు తగులుతోంది. ఏం మాట్లాడాలో మనసులో కూర్చుకున్నాను. మొదట కషాయం ఇవ్వాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, తేనె కలిపి అని చెప్పాలి. ఆ తర్వాత తిట్టాలి. ముందు తిట్టి తర్వాత మందిస్తే తీసుకోదు. అన్నీ ఆలోచించాను. గుడియాత్తంలో దిగి దారి అడిగితే ఒక్కరికీ సందేహం రాలేదు, చెయ్యెత్తి తోట వైపు చూపించారు. అందరికీ తెలిసిన బాగోతమే అనుకున్నాను. సంచి ఒక భుజం మీద, సీసా ఒక చంకలో, మెత్తటి ఎర్రమట్టి దారిలో నడిచాను.

తోటలో ఇంటి ముందు ఒక పెద్దావిడ ఎండుమిరపకాయలు ఆరబోస్తోంది. మా అమ్మ కంటే పెద్దది, ముక్కుకు రెండు వైపులా బేసరులు, నిండైన మనిషి. అక్కడికక్కడ నా అంచనా పనిచేసింది: ఈమె తోట పెద్దాయన భార్య, ఇంటి యజమానురాలు. అది ఒక్కటే ఆ రోజు నేను సరిగా వేసిన అంచనా. తొరపాడి మెకానిక్కు భార్యనని చెప్పుకున్నాను. ఆమె మొహం విప్పారింది. ఇంత ఎండలో నడిచి వచ్చావా, కూర్చో, నీరుమజ్జిగ తాగు అంది. నేను కూర్చోలేదు. ఆమె ఎక్కడ అని అడిగాను.

‘ఆమె యాడికి పోతాది, ఎనక షెడ్డులోనే ఉండాది’ అంది ఆ పెద్దమ్మ, మిరపకాయలు తిరగేస్తూ, తల కూడా ఎత్తకుండా. ‘నీ మొగుడు పొద్దున్నించీ ఆమె కిందనే పండుకోనుండాడు. పిలిస్తే పలకడు. పోయి నువ్వన్నా లేపు, సంగటి చల్లారిపోతా ఉండాది.’

(తోడికోడలు ఇక్కడ రాయడం ఆపి, ఇది పుస్తకంలో వేయవచ్చునా అని అడిగింది. వేయి అన్నాను. అరవై దాటిన విధవరాలి మీద ఎవరు కేసు పెడతారు.)

ఆ షెడ్డు దాకా నడిచిన ఇరవై అడుగులు నాకు ఇప్పటికీ కాళ్ళలో ఉన్నాయి. కొబ్బరి మట్టలు కాళ్ళ కింద విరిగాయి. షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. తెల్ల చొక్కా మేకుకు శుభ్రంగా తగిలించి ఉంది. లోపల ఆకాశం రంగు వెలిసిపోయిన ఒక గుండ్రటి కారు, నేను అంతవరకూ చూడనిది, వీపు ఉబ్బి, మూతి వంచి, చెరువు గట్టున తాబేలు కూర్చున్నట్టు కూర్చుని ఉంది. దాని వెనక భాగం కింద నుంచి రెండు కాళ్ళు బయటికి వచ్చి ఉన్నాయి. ఆ కాళ్ళు నాకు తెలుసు. కుడి మడమకు పగులు, నేనే వేపనూనె రాసేదాన్ని. నేను కారు చుట్టూ తిరిగాను. లోపలికి తొంగి చూశాను. ముందు మూత ఎత్తి ఉంటే అక్కడా చూశాను, ఒక పాత టైరు, పనిముట్లు ఉన్నాయి. ఎవరూ లేరు. షెడ్డు మూలలో నాలుగు గోనెసంచులు ఉంటే వాటి వెనకాల కూడా చూశాను.

గాజుల చప్పుడు విని ఆయన కింద నుంచి జరిగి బయటికి వచ్చాడు. మొహాన నూనె. నన్ను చూసి తెల్లబోయాడు.

‘అమ్మకేమన్నా అయిందా?’

‘అత్త బాగానే ఉండాది. ఆమె యాడ మామా?’

‘ఎవురు?’

‘ఆమె.’

ఆయన వెనక్కి చూశాడు. కారు వీపు మీద చెయ్యి పెట్టాడు. ‘ఇదే గదా’ అన్నాడు.

నాకు మాట ఆగలేదు. మనసులో కూర్చుకున్న మాటల్లో మొదటిది అదే వచ్చేసింది. ‘బిడ్డలు యాడ? మూడోదానికి జొరమని చెప్తివే, కషాయం తెచ్చినా.’

ఆయన నా చేతిలోని సీసాను చూశాడు. తర్వాత సంచిని చూశాడు. సంచిని కొంచెం ఎక్కువసేపు చూశాడు. అప్పుడు తెలిసింది ఆయనకు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వి ఉంటే ఆ రోజే పలమనేరు బస్సు ఎక్కేదాన్ని, నిజం. నవ్వలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుని, నా పక్కన నేల మీద గొంతుకూర్చుని, చిన్నపిల్లకు పలక మీద అక్షరం దిద్దించినట్టు చెప్పాడు. అరవంలో తాబేలును ఆమై అంటారు. ఈ కారు రూపం చూసి ఊరంతా దాన్ని అదే పేరుతో పిలుస్తారు. పిలిచి పిలిచి, తెలుగు నోళ్ళలో అరిగి అరిగి, అది ఆమె అయింది. జర్మనీ దేశం కారు. ఇంజను వెనక ఉంటుంది. రెండు సిలిండర్లు ఇటు, రెండు అటు కాళ్ళు చాపుకుని పడుకున్నట్టు ఉంటాయి. అవే ఆమెకున్న నాలుగు. ఈ ఇంజనుకు నీళ్ళ డబ్బా లేదు, గాలికే చల్లబడాలి. ఒక ఫ్యాను లోపలి నుంచి గాలి తోస్తుంది. నూనెను చల్లబరిచే పెట్టె ఒకటి అడ్డం ఉండటం వల్ల మూడోదానికి గాలి సరిగా తగలదు, మిగతావాటి కంటే అదే ఎక్కువ కాలుతుంది. టాపెట్లు అనే చిన్న మీటల సందు సరిచేసేది ఇంజను మంచులా చల్లగా ఉన్నప్పుడే, అందుకే తెల్లవారకముందు బస్సు. అన్నీ చెప్పాడు. పెళ్ళయ్యాక ఆయన నాతో ఏకబిగిన అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి.

నాకు సిగ్గుతో నేల చీలితే బాగుండునని ఉంది. సీసా పారబోయబోయాను. ఆయన నా చేతిలో నుంచి తీసుకుని, మూత తీసి, కూర్చున్న చోటే గటగటా మొత్తం తాగేశాడు. నేలవేము ఎంత చేదో తెలిసినవాళ్ళకు తెలుసు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకు. ‘జొరం ఎవురికి లేకపోయినా, కాచింది నువ్వు గదా’ అన్నాడు. తర్వాత సంచిని చూపించి, అది ఏమిటని అడిగాడు. ఉతకాల్సిన గుడ్డలు అన్నాను. తోటలో బావి ఉందని నువ్వు చెబితివే, ఉతుక్కుందామని తెచ్చినా అన్నాను. ముప్పై కిలోమీటర్ల అవతలికి గుడ్డలు ఉతకడానికి వచ్చిన మనిషిని ఆయన సంగటికి పిలుచుకుపోయాడు.

సంగటి తిన్నాక టెంకాయతోట పెద్దాయన వచ్చారు. సన్నటి మనిషి, తెల్ల పంచె. సంగతి ఆయనకు చెప్పారో లేదో నాకు తెలియదు, మా ఇద్దరినీ చూసి మీసం కింద ఏదో దాచుకున్నారు. నూనె మార్చావు కదా, ఒకసారి దూరం నడిపి చూడు, ఆ పిల్లను బస్సులో ఎందుకు తిప్పుతావు, కారులోనే ఇంటికి తీసుకుపో, వచ్చే ఆదివారం తెచ్చి పెట్టు అన్నారు. అట్లా నేను ఎవరి మీద పోట్లాటకు పోయానో ఆమె ఒళ్ళోనే కూర్చుని ఇంటికి బయలుదేరాను. సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. వెనక నుంచి ఇంజను రాగి బిందెలో గులకరాళ్ళు కలుపుతున్నట్టు శబ్దం చేస్తోంది.

కె.వి. కుప్పం దాటాక వెనక టప్ మని ఏదో తెగింది. ముందు ఒక ఎర్ర దీపం వెలిగింది. ఆయన ఆ క్షణంలోనే ఇంజను ఆపి, కారును చింతచెట్టు నీడకు దొర్లించాడు. ఫ్యాన్ బెల్టు. అది తెగితే గాలి లేదు, గాలి లేకుండా అర మైలు పోయినా నాలుగూ మాడిపోతాయి అన్నాడు. ముందు మూత కింద నుంచి కొత్త బెల్టు తీశాడు, ఎప్పుడూ ఒకటి పెట్టుకునేవాడు. వెనక మూత ఎత్తి చెయ్యి పెడితే అంతా కాలుతోంది. చేతులు తుడుచుకునే గుడ్డ తోటలోనే మరిచిపోయాడు. చెయ్యి నా వైపు చాపాడు.

‘ఉతికే గుడ్డలే గదా ఉండేది. పట్టుకోను ఒకటి ఇయ్యి.’

నేను సంచిని గుండెకు అదుముకున్నాను. ఇవ్వకపోతే అబద్ధం బయటపడుతుంది. ఇస్తే ఏది ఇవ్వాలి? ముడి విప్పి, చూడకుండా చెయ్యి పెట్టి, తగిలిందాన్ని బయటికి లాగాను. నా ఖర్మ, పెళ్ళి చీర. మడత చెదరలేదు. కర్పూరం ఉండల వాసన రోడ్డంతా కొట్టింది. నూనె గుడ్డగా వాడుకోమని నా పెళ్ళి చీర చాపి నిలబడ్డాను, మొహం పక్కకు తిప్పుకుని. దాన్ని ఆయన నూనె చేతులతో తాకలేదు. మోచేతితో నా చెయ్యిని వెనక్కి తోశాడు. తాను వేసుకున్న తెల్ల చొక్కా విప్పి, దాన్ని చుట్ట చుట్టి, దాంతో ఇంజను దగ్గరి చక్రాన్ని పట్టుకున్నాడు.

‘ఆ చీర ఉతికిందే’ అన్నాడు. అంతే.

బెల్టు బిగించేదానికి చక్రం రెండు బిళ్ళల మధ్య పల్చటి వాషర్లు ఉంటాయి, చిల్లికాసుల్లా. అవి తీసి ఒక్కొక్కటి నా అరచేతిలో పెట్టాడు, పోగొట్టవద్దని. వేడిగా ఉన్నాయి. కాల్చినా పిడికిలి విప్పలేదు. ఒకటి తగ్గిస్తే బెల్టు బిగుస్తుంది, ఒకటి పెంచితే వదులవుతుంది. బొటనవేలితో నొక్కితే వేలి మందం లోపలికి పోవాలి, అంతకంటే పోతే జారుతుంది, పోకపోతే డైనమో పాడవుతుంది. నా బొటనవేలు పట్టుకుని నొక్కించి చూపించాడు. చల్లారేదాకా చెట్టు కింద కూర్చున్నాం. బనియనుతో కూర్చున్న మనిషి, తలెత్తకుండా, మట్టిలో పుల్లతో గీతలు గీస్తూ అన్నాడు:

‘దీనికి నీళ్ళు పొయ్యాల్సిన పనిల్యా మ్మే. వేడెక్కితే కొంచేపు నిలబెట్టు, గాలికే చల్లబడతాది. నీగ్గూడా కోపమొస్తే నిలబడు. సంచి మాత్రం ఎత్తుకోబాక.’

ఎత్తుకోలేదు. నలభై ఏళ్ళకు పైగా కాపురం చేశాం, ఆ సంచి అటక మీదనే చివికిపోయింది. ఆ తెల్ల చొక్కాకు నూనె మరక పోలేదు. పారేయనివ్వలేదు ఆయన, నేనూ పారేయలేదు.

మాకు పిల్లలు నిలవలేదు. రెండుసార్లు వచ్చి పోయారు. ఆ తర్వాత క్యాలెండరు చూడటం మా అత్త మానేసింది, నేనూ మానేశాను. టెంకాయతోట పెద్దాయన నడవలేని కాలానికి వచ్చినప్పుడు, నీ దగ్గరే అయితే బతుకుతుంది అని కారును మా ఆయనకు ఇచ్చేశారు. ఆ రోజు నుంచి ఆమె మా తొరపాడి ఇంట్లోనే, మేము ఇంటి పక్కన వేసుకున్న రేకుల షెడ్డులో. ఆయన ఆదివారం తెల్లవారి వెనక పీట వేసుకుని కూర్చుంటే నేను ఎదురుగా కూర్చునేదాన్ని. పల్చటి ఉక్కు రేకులు విసనకర్ర మాదిరి ఒక గుత్తిగా ఉంటాయి, ఫిల్లరు గేజి అంటారు. వాటి మీద అంకెలు ఉంటాయి, నాకు చదవడం రాదు కదా, కావలసిన రేకుకు పసుపు దారం కట్టి ఇచ్చాడు. ఆ రేకు టాపెట్ సందులో గట్టి వెన్నలో కత్తిలా కొంచెం పట్టుకుని పోవాలి. చూపు మందగించాక ఆయన బోల్టు తిప్పేవాడు, నేను రేకు లాగి చెప్పేదాన్ని, పట్టింది, పట్టలేదు అని. నాలుగింటిలో మూడోదాని దగ్గరికి వచ్చినప్పుడు ఆయన స్పానరు పక్కన పెట్టి, ‘నీ బిడ్డ వచ్చె, చూడు’ అనేవాడు. ప్రతిసారీ అనేవాడు. ఎగతాళి అని మొదట్లో ఉడుక్కునేదాన్ని. చాలా ఏళ్ళకు గాని తెలియలేదు, అది ఎగతాళి కాదని. ఈ ఇంట్లో బిడ్డ అనే మాట వినిపించకుండా పోకూడదని అనేవాడు.

రెండేళ్ళ కింద ఆయన ఆసుపత్రిలో పోయాడు. చివరి రోజు మంచానికి ఒక పక్క నేను, ఒక పక్క మా మరిది. ఊపిరి అందడం లేదు. కళ్ళు మూసుకునే ఉన్నాడు, ఎవరి వైపూ తిరగలేదు.

‘ఆమెను చూసుకో’ అన్నాడు. మళ్ళీ మాట్లాడలేదు.

మా మరిది అప్పుడే తల ఊపాడు, కన్నీళ్ళతో. నేనూ ఊపాను. అన్న తనకు వదినను అప్పజెప్పాడని మా మరిది నమ్మకం. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు పొద్దున్నే పాలపాకెట్టు తెచ్చి గడప మీద పెట్టి, తిన్నావా వదినా అని అడగకుండా పనికి పోడు. నా కంటి ఆపరేషనుకు పక్కన కూర్చున్నది అతనే. నేను అనుకున్నది వేరు. ఆయన ఆ మాట నాతో అన్నాడని, కారు గురించి అన్నాడని అనుకున్నాను. అందుకే ప్రతి ఆదివారం తెల్లవారకముందే లేచి, పీట వేసుకుని, పసుపు దారం వెతుక్కుని, ఆమె చల్లగా ఉండగానే చెయ్యి పెడతాను. మూడోదాన్ని మొదట చూస్తాను. తర్వాత స్టార్టు చేసి, గులకరాళ్ళ శబ్దం వింటూ, వెనక రేకు మీద అరచెయ్యి పెట్టి కూర్చుంటాను, వెచ్చబడేదాకా. మా ఇద్దరిలో ఎవరిది సరో ఆయన వచ్చి చెప్పడు. నేను మరిదిని అడగలేదు. అడిగితే ఇద్దరిలో ఒకరి పని ఆగిపోతుంది. అతనికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు కాబట్టి, ఇది అచ్చులో పడినా భయం లేదు. (చదివి వినిపిస్తే నీ సంగతి చూస్తాను అని తోడికోడలితో అన్నాను. నవ్వుతూ అదీ రాసుకుంటోంది.)

ఇప్పుడే ఫోను మోగింది. మా మరిదే, పెళ్ళాంతో మాట్లాడుతున్నాడు. తోడికోడలు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, నన్నొకసారి, కిటికీలోంచి షెడ్డునొకసారి చూసింది. ‘ఆమె ఎట్లుండాది అని అడగతా ఉండాడక్కా. ఏం చెప్పేది?’ అంది.

భుజాన సంచి, చంకలో వేడి సీసా, చెరువు గట్టున తాబేలును చూసినట్టు కారును చూస్తూ నిలబడిన ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల గుర్తుకు వచ్చింది. ఒక్క మాట ఇద్దరికి సరిపోయిందని పాపం ఎంత ఏడ్చింది, కాట్పాడి దాకా.

‘బాగుండాది అని చెప్పు’ అన్నాను. ‘ఏ ఆమె అని అడగొద్దు.’